నైలాన్‌కు రబ్బరు అతికితే అది 'ఎవరికైనా తట్టేదే'నా?

ప్రశ్న: ఇంధన పంపుల డయాఫ్రంల (పంపులో ఊగే పలుచని తెరల) కోసం పొరల షీటు చేశాం. మధ్యలో 50 మైక్రాన్ల నైలాన్-6 ఫిల్మ్, రెండు వైపులా నైట్రైల్ రబ్బరు. ఫిల్ముకీ రబ్బరుకీ నడుమ జిగురుకు బదులు 0.2 మి.మీ. కార్బాక్సిలేటెడ్ నైట్రైల్ (కార్బాక్సిల్ అనే ఆమ్ల గుంపులు కలిపిన నైట్రైల్ రబ్బరు) పొర వేసి, 160 డిగ్రీల ప్రెస్‌లో క్యూర్ చేస్తాం (వేడితో రబ్బరును గట్టిపరుస్తాం). చెన్నై పేటెంట్ ఆఫీసు తొలి పరీక్షా నివేదికలో డి1, డి2 అని రెండు పాత పత్రాలు చూపించారు. డి1లో ఇవే పొరలు జిగురుతో ఉన్నాయి. డి2 ప్యాకింగ్ ఫిల్ము గురించి. అందులో నైలాన్‌ను పాలిథీన్‌కు మాలెయిక్ యాన్‌హైడ్రైడ్ కలిపిన పొరతో అతికించారు. రెండూ కలిపితే మాది ఎవరికైనా తట్టేదేనంటున్నారు. ఏం చెప్పాలి?
— ఒక పాఠకుడు, బాలానగర్, హైదరాబాద్

జవాబు: ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఆమ్ల గుంపులున్న పాలిమర్ నైలాన్ గొలుసుల చివరి అమీన్లతో బంధం కడుతుందని ఈ రంగంలో అందరికీ తెలుసు. 'వాళ్లది ప్యాకింగ్, మాది పంపు' అన్న వాదన నిలవదు. అతుకు సమస్య ఇద్దరికీ ఒకటే.

మీకు పట్టు దొరికేది వేడి దగ్గర, జింక్ ఆక్సైడ్ (రబ్బరు క్యూర్ కావడానికి వేసే పొడి) దగ్గర. డి2 లాంటి ఫిల్ముల్లో పొరలన్నీ కరిగిన స్థితిలోనే కలుస్తాయి. నైలాన్-6 కరిగేది సుమారు 220 డిగ్రీలకు. మీ ప్రెస్‌లో ఫిల్మ్ గట్టిగానే ఉంటుంది. పైగా కార్బాక్సిల్‌కు యాన్‌హైడ్రైడ్‌కున్నంత చురుకు లేదు. ఇక నైట్రైల్ కాంపౌండ్‌లో మామూలుగా 100 భాగాల రబ్బరుకు 3 నుంచి 5 భాగాల జింక్ ఆక్సైడ్ వేస్తాం కదా, అది కార్బాక్సిల్ గుంపులను తానే పట్టేసి లవణంగా మార్చేస్తుంది. నైలాన్‌కు మిగిలేవి తక్కువ. మరి ఈ రెండు పత్రాలూ చదివిన నిపుణుడికి, 160 డిగ్రీల దగ్గర అతుకుతుందన్న నమ్మకం ఎక్కడినుంచి వస్తుంది? మీ జవాబంతా ఈ ప్రశ్న మీదే నడపండి.

మీ కార్బాక్సిలేటెడ్ పొరలో జింక్ ఆక్సైడ్ తగ్గించి ఉంటే, లేదా మానేసి ఉంటే, మా దృష్టిలో అసలు ఆవిష్కరణ అదే. దాన్ని మొదటి క్లెయిమ్‌లోకి (దేనికి పేటెంట్ కోరుతున్నారో చెప్పే వాక్యంలోకి) తీసుకురండి. అయితే మొదట దాఖలు చేసిన స్పెసిఫికేషన్‌లో ఆ సంగతి ఉండి తీరాలి. పేటెంట్ల చట్టం సెక్షన్ 59 కొత్త విషయం చేర్చనివ్వదు.

పోలిక పరీక్ష లేకుండా వెళ్లకండి. మూడు రకాల నమూనాలు చేయండి: డి1 తరహా జిగురుతో ఒకటి, జింక్ ఆక్సైడ్ ఉన్న కార్బాక్సిలేటెడ్ పొరతో ఒకటి, మీ పొరతో ఒకటి. అన్నిటికీ ఒకే రోల్ ఫిల్మ్ వాడండి. ముందు ఫిల్మును బాగా ఆరబెట్టాలి. లేకపోతే అది పీల్చుకున్న తేమ ప్రెస్‌లో ఆవిరై బుడగలు లేస్తాయి, అంకెలు పాడవుతాయి. 25 మి.మీ. పట్టీలు ఐదేసి చొప్పున, ఐసోఆక్టేన్, టోలుయీన్ సగం సగం కలిపిన ద్రవంలో 70 గంటలు నానబెట్టక ముందూ తర్వాతా పీల్ చేయండి, అంటే పొరలను లాగి ఊడదీసి ఎంత బలం పట్టిందో కొలవండి. ఊడింది అతుకా, చిరిగింది రబ్బరా అన్నది ప్రతి పట్టీకీ రాయాలి. చాలామంది ఇదే వదిలేస్తారు.

సెక్షన్ 3(ఎఫ్) కింద 'తెలిసిన వస్తువుల అమరికే, పేటెంట్ ఇవ్వం' అన్నా జవాబు ఇదే: పొరలు దేని పని అది చేసుకోవడం లేదు, ఒకదానితో ఒకటి రసాయనికంగా ముడిపడ్డాయి. పాత పత్రాలనుంచి మీ షీటుకు నిపుణుడు ఎలా చేరతాడో పేటెంట్ కంట్రోలర్ (దరఖాస్తుపై నిర్ణయం తీసుకునే అధికారి) ఉత్తర్వులో వివరించాల్సిందేనని అగ్రిబోర్డ్ కేసులో ఢిల్లీ హైకోర్టు 2022లో చెప్పింది. హియరింగ్‌లో దాన్ని ఉదహరించండి.

జవాబుకు గడువు నివేదిక జారీ అయిన తేదీనుంచి 6 నెలలు. ఆ లోపే గడువు పెంచమని ఫారం 4 పెడితే మరో 3 నెలల వరకు దొరుకుతుంది. గడువులన్నీ దాటితే దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క కడతారు. కాబట్టి నమూనాలు ఈ వారమే ప్రెస్‌కు ఎక్కించండి.