పొటెన్షియల్‌ను ‘శక్తి’ అనవచ్చునా?

సందేహం: ఒక జీవశాస్త్ర వ్యాసాన్ని తెలుగు చేస్తూ, ‘కణత్వచంలోని విద్యుత్ శక్తి బాక్టీరియా ప్రోటీన్లను బయటికి ఎగుమతి చేస్తుంది’ అని రాశాను. ‘శక్తి’, ‘ఎగుమతి’ రెండూ తప్పేనని మిత్రుడొకరు అంటున్నారు. నిజమేనా?

సమాధానం: మీ మిత్రుని అభ్యంతరంలో సగమే నిలుస్తుంది. ‘శక్తి’ ఇక్కడ పొసగదు; ‘ఎగుమతి’ని నిరభ్యంతరంగా ఉంచుకోవచ్చు.

శక్తిని జౌల్‌లలో కొలుస్తాం. మీరు చెప్పదలచిన పొటెన్షియల్‌ను కొలిచేది వోల్టులలో. అది త్వచానికి, అంటే కణపు పొరకు, ఇటూ అటూ ఉన్న విద్యుత్ స్థాయిలోని తేడా. ఇ. కోలై అనే బాక్టీరియాలో లోపలి వైపు ఋణాత్మకంగా ఉండి, ఆ తేడా 100–200 మిల్లీవోల్టుల శ్రేణిలో ఉంటుంది. దీనికి ‘శక్మభేదం’ అనే పాత పారిభాషిక పదం ఉంది. చక్కని మాటే గాని, అచ్చులో ‘శక్యం’గానో ‘శక్తి’గానో మారిపోయే గండం దానికెప్పుడూ ఉంది. బడిపిల్లలకు తెలిసిన ‘పొటెన్షియల్’నే తీసుకొని ‘త్వచ పొటెన్షియల్’ అనడం మేలు.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఇక్కడ శక్తి వేరుగా ఉంది. బాక్టీరియా ప్రోటీన్లు త్వచం దాటే ‘సెక్’ అనే మార్గంలో, ప్రోటీన్‌ను త్వచం గుండా నెట్టే సెక్‌ఎ అనే ప్రోటీన్ యంత్రం, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువులను ఖర్చు చేస్తుంది. దానికి ప్రోటాన్ చోదక బలం, అంటే ప్రోటాన్లను త్వచం గుండా లోపలికి నెట్టే ఒత్తిడి, తోడవుతుంది. త్వచ పొటెన్షియల్, పీహెచ్ (ఆమ్లత్వపు కొలత) తేడా కలిస్తేనే ఆ బలం. అన్నిటినీ ‘శక్తి’ అనేస్తే ఏది ఏ పని చేసిందో పాఠకుడు తేల్చుకోలేడు.

మీరు అడగకపోయినా, ‘చేస్తుంది’ అన్న క్రియ కూడా సరిగా లేదు. ఎగుమతి కావలసిన ప్రోటీన్ మొదట్లో, దాని గమ్యాన్ని సూచించే చిన్న భాగమైన సంకేత పెప్టైడ్ కొసన లైసీన్, ఆర్జినీన్ వంటి ధనావేశపు అమైనో ఆమ్లాలుంటాయి. లోపలి ఋణత్వం ఆ కొసను దాటిపోనివ్వక పట్టి ఉంచితే, మిగిలిన గొలుసు ఉచ్చులా వంగి త్వచంలోకి దూరుతుంది. అంటే పొటెన్షియల్ చాలావరకు దిశను నిర్ణయించే సహాయకారి. దానికి పూర్తి కర్తృత్వం కట్టబెట్టరాదు.

ఇక ‘ఎగుమతి’. ఎగు–దిగు జంటలో పుట్టి, సరుకు ఎక్కించడం అనే అర్థంలో వాడుకైన మాట ఇది. కణానికీ అమరుతుంది. ‘స్రావం’ దీనికి బదులు కాదు: ఇ. కోలై వంటి రెండు త్వచాల బాక్టీరియాలో లోపలి త్వచం దాటడమే ఎగుమతి, బయటి త్వచం కూడా దాటితే స్రావం. లోపలి త్వచం దాటిన ప్రోటీన్ ఇంకా కణం బయటికి రాలేదు కనుక, మీ వాక్యంలో ‘శక్తి’తో పాటు ‘బయటికి’ అన్న మాటనూ కొట్టివేయాలి. ‘బాక్టీరియాలో ప్రోటీన్ల ఎగుమతికి త్వచ పొటెన్షియల్ తోడ్పడుతుంది’ అని రాయండి.