వాయిస్‌మెయిల్ గైడ్ రాస్తున్న తమ్ముడికి

తమ్మీ,

ఏనుమాముల మార్కెట్ దగ్గరి పత్తి ఆఫీసు కోసం నువ్వు రాస్తున్న వాయిస్‌మెయిల్ (ఫోన్ ఎవరూ ఎత్తకుంటే మాటను రికార్డు చేసి పెట్టే ఏర్పాటు) గైడ్ రెండుసార్లు చదివిన. మొదటి మూడు పేజీలు వాయిస్‌మెయిల్ అంటే ఏందో చెప్పడానికే పోయినయి. అవి తీసెయ్. ఆ గైడ్ తెరిచేటాయన అప్పటికే ఇబ్బందిలో ఉంటడు. కొత్త మెసేజ్ ఉందని చెప్పే ఎర్రలైటు ఫోన్ మీద ఆరుతలేదు, లేకుంటే పిన్ మర్చిపోయిండు, లేకుంటే మెసేజ్ పెట్టిన రైతుకు ఎవరూ తిరిగి చెయ్యలేదని గొడవ నడుస్తున్నది. ఆయన కంటికి కనబడేదాన్ని, చెవికి వినబడేదాన్ని పట్టుకొని మొదలుపెట్టు.

‘ఖాళీ సందేశములు నమోదగుట’ అని ఒక్క లైనులో వదిలేసినవు. అక్కడ కనీసం ఒక పేజీ రాయాలె. ఆ మెసేజ్ తెరిస్తే ఖాళీగా ఉండదు. రెండు మాటలు వినబడి, ఆ తర్వాత మూడు నిమిషాలు టూ... టూ... అని మోగుతది. ఎందుకంటే అది రాగితీగ ల్యాండ్‌లైన్. అవతలివాళ్లు పెట్టేసిన సంగతి మన సర్వర్‌లో కాల్స్ నడిపే ఆస్టరిస్క్ సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. ఎక్స్‌చేంజ్ పంపే బిజీ టోన్ కూడా దానికి చప్పుడే కాబట్టి, నిశ్శబ్దం వస్తే రికార్డింగ్ ఆపే మాక్స్‌సైలెన్స్ సెట్టింగ్ పనిచెయ్యదు. మెసేజ్ ఎంతసేపు ఉండొచ్చో చెప్పే మాక్స్‌సెక్స్‌లో పెట్టిన గడువు అయ్యేదాకా రికార్డు అయితనే ఉంటది, అప్పటిదాకా ఆ లైను ఇంకొకరికి దొరకదు.

మందు కూడా అంతే వివరంగా రాయి. మన దేశంలో బిజీ టోన్ 400 హెర్ట్జ్, 750 మిల్లీసెకన్లు మోగి అంతే సేపు ఆగుతది. ల్యాండ్‌లైన్‌ను సర్వర్‌కు కలిపే లైన్ కార్డు సెట్టింగుల్లో, బిజీ టోన్‌ను గుర్తుపట్టే బిజీడిటెక్ట్ ఆన్ చేసి, బిజీప్యాటర్న్ 750,750 అని, బిజీకౌంట్ 4 అని పెట్టాలె. కౌంట్ మరీ తగ్గిస్తే నడుస్తున్న మాటల మధ్యనే కాల్ తెగే ప్రమాదం ఉంది, అది హెచ్చరికగా రాయి. ఎక్స్‌చేంజ్ వాళ్లు ఆ లైనుకు పోలారిటీ రివర్సల్ (అవతలివాళ్లు పెట్టేయంగనే తీగలో కరెంటు దిశ తిప్పి తెలిపే పద్ధతి) ఇస్తే ఇంకా నమ్మకం. మార్చినంక సెల్ నుంచి చేసి, రెండు మాటలు చెప్పి పెట్టేసి, రికార్డింగ్ వినమని చెప్పు. చివర దాదాపు ఆరు సెకన్ల టోన్ మిగులుతది. నాలుగు సార్లు లెక్కపెట్టేందుకు పట్టే టైమ్ అది, తప్పు కాదని కూడా రాయి. లేకుంటే సరిగ్గా చేసినాయన కూడా చెడగొట్టిననుకుంటడు.

ఎర్రలైటు గురించి నువ్వు రాసింది నిజమే గానీ సగమే. మెసేజ్‌ను ఈమెయిల్‌లో విన్నా సర్వర్‌లో అది కొత్తదిగానే ఉంటది, అందుకే లైటు ఆరదు. *97 కొట్టి, పిన్ ఇచ్చి, 1 నొక్కి ఫోన్‌లో వింటే ఆరుతది. ఈ తిప్పలెందుకని చాలామంది ‘ఈమెయిల్ పంపినంక తొలగించు’ ఆన్ చేస్తరు. ఆ ఈమెయిల్ స్పామ్‌లో పడ్డదో, సైజు ఎక్కువై వెనక్కి పోయిందో, మెసేజ్ సర్వర్‌లో కూడా మిగలదు. ఆ సెట్టింగ్ పక్కన ఈ మాట లావు అక్షరాలతో పెట్టు.

డిస్కు నిండితే ఫైళ్లను చేత్తో తీసెయ్యమన్నవు. వద్దు తమ్మీ. అవి 0000 నుంచి వరుస నంబర్లతో ఉంటయి, మధ్యలో ఒకటి పోతే వరుస తెగుతది. ఫోన్‌లోనే 7 నొక్కి చెరపాలె. పొరపాటున నొక్కితే వెంటనే మళ్లీ 7 నొక్కుమను, తిరిగి వస్తది. మామూలు వేవ్ ఫార్మాట్‌లో నిమిషానికి ఒక ఎంబీకి కొంచెం తక్కువ పడుతది, మాటను కుదించి దాచే వేవ్49 పెడితే అందులో పదో వంతు చాలు.

సర్వర్ గడియారం మనకంటే ఐదున్నర గంటలు వెనక నడిచే యూటీసీలో ఉంటే పొద్దున పదింటికి వచ్చిన కాల్‌ను తెల్లారుజామున నాలుగున్నర అని చదువుతది. టైమ్ జోన్ ఆసియా/కోల్‌కతా అని ఉందో లేదో చూడమను. ఉద్యోగం మానేసినాయన మెయిల్‌బాక్స్‌ను అట్లనే కొత్తాయనకు ఇవ్వొద్దు, పాత గొంతు, పాత మెసేజ్‌లు అందులోనే ఉంటయి. 12వ పేజీలో సెట్టింగుల ఫైలు ఫొటో పెట్టినవు, ఇవ్వాళ్నే తీసెయ్. ఆ ఫైల్లో అందరి పిన్‌లు దాపరికం లేకుండా ఉంటయి.

ఇగ గ్రీటింగ్, అంటే ఫోన్ చేసినాయనకు బీప్ కంటే ముందు వినబడే మాట. ‘శబ్దము అనంతరం తమ సందేశమును నమోదు చేయగలరు’ అని రాసినవు. పత్తి బండి పక్కన నిలబడి ఫోన్ చేసే మనిషికి ఇది అర్థమయ్యేలోపు బీప్ అయిపోతది. ‘బీప్ అన్నంక మీ పేరు, ఊరు, ఫోన్ నంబర్ చెప్పండి. నంబర్ రెండుసార్లు చెప్పండి’ అంటే చాలు. మెనూలో ‘ఒకటి నొక్కండి, రేటు తెలుస్తుంది’ అన్నవు. వినేటాయన తనకేం కావాల్నో తెలిసేసరికి అంకె మర్చిపోతడు. ‘రేటు కోసం ఒకటి నొక్కండి’ అను. పని ముందు, అంకె వెనక. మన భాషలో వాక్యం సహజంగానే అట్ల నడుస్తది, దాన్ని తిరగెయ్యకు.

రికార్డింగ్ మార్కెట్ సెలవు రోజు చెయ్యమని చెప్పు, స్పీకర్‌లో కాదు, రిసీవర్ చేత పట్టుకొని. అయినంక బయటి ఫోన్ నుంచి ఒకసారి వినాలె. సవరించినంక ఆ గ్రీటింగ్ పేజీ ముందు పంపు, మిగతాది తర్వాత చూస్త.

మీ అన్న
హనుమకొండ