కార్పెట్ మీద మరక పడితే

అమ్మలూ,

కార్పెట్ మీద కాఫీ ఒలికిందని, ఎంత రుద్దినా పోవడం లేదని టెన్షన్ పడుతూ రాశావు. ముందు ఆ రుద్దడం ఆపు తల్లీ. రుద్దేకొద్దీ మరక లోపలికి దిగుతుంది, పక్కలకి పాకుతుంది, పైగా పోగులు విడిపోయి అక్కడ బొచ్చు లేస్తుంది. మరకనైనా తియ్యొచ్చు గానీ, చెదిరిన పోగుల్ని మళ్ళీ సరిచెయ్యలేం.

తెల్లటి నూలుగుడ్డ తీసుకో. రంగు గుడ్డయితే దాని రంగు దిగొచ్చు. అంచు నుంచి మధ్యకి వస్తూ, గుడ్డ మడత మారుస్తూ అద్దు. తర్వాత కప్పు గోరువెచ్చటి నీళ్ళలో పావు చెంచా గిన్నెలు కడిగే లిక్విడ్ కలిపి, గుడ్డ ముంచి పిండి మళ్ళీ అద్దు. చివర్లో ఉత్త నీళ్ళ గుడ్డతో సబ్బంతా తీసెయ్. చాలామంది ఇక్కడే వదిలేస్తారు. సబ్బు జిగట మిగిలితే కాళ్ళ దుమ్మంతా అక్కడే పట్టి, కొన్నాళ్ళకి ఆ చోటు నల్లబడుతుంది.

అడుగుకి ఇంకిన మరక ఆరేటప్పుడు తడితో పాటు పైకి ఎక్కుతుంది కూడా. అందుకని పొడి తువ్వాలు మడతపెట్టి పరిచి, మీద బరువు పెట్టి రాత్రంతా ఉంచు. నీళ్ళు మాత్రం ఎప్పుడూ కుమ్మరించకు. అడుగు తడిస్తే త్వరగా ఆరదు, వాసన పట్టుకుంటుంది.

రక్తానికి చన్నీళ్ళే వాడు. వేడి తగిలితే అందులోని ప్రొటీన్ గట్టిపడి పోగుని పట్టేస్తుంది. బురదని ఆరనిచ్చి వాక్యూమ్ చెయ్. మైనం, చూయింగ్ గమ్ అయితే ఐస్ ముక్కల సంచి పెట్టి, బిగుసుకున్నాక చెంచాతో గీకు. ఇంకు మరకకి రబ్బింగ్ ఆల్కహాల్ (మందుల షాపు స్పిరిట్) గుడ్డకి పట్టించి అద్దు. నేరుగా పోస్తే అడుగున ఉండే జిగురు దెబ్బతింటుంది.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను: బ్లీచ్‌ని వెనిగర్‌తో గానీ అమ్మోనియాతో గానీ ఎప్పుడూ కలపకు. విషవాయువు పుడుతుంది.

నీ కాఫీ మరక ఇంకా పసుపుగా కనిపిస్తుంటే, ఒక వంతు తెల్ల వెనిగర్‌కి రెండు వంతుల నీళ్ళు కలిపి అద్ది చూడు. అయితే ముందు సోఫా కింద మూలలో కాస్త రాసి, రంగు పోవడం లేదని చూసుకో. దానికీ పోకపోతే మరక రంగుని విరిచే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంది గానీ, ఉన్నికీ పట్టుకీ అది పడదు. కార్పెట్ వెనక చీటీ మీద ఏం రాసి ఉందో చూసి నాకు చెప్పు. అప్పటిదాకా దాని జోలికి వెళ్ళకు.

ప్రేమతో,
పెద్దమ్మ