బీచ్ సాకర్ ఆడినవాడు జాతీయ జట్టుకు కోచ్ కాగలడా?

మీ తమ్ముడు ఏడేళ్లుగా బీచ్ సాకర్, అంటే ఇసుక మీద ఆడే ఫుట్‌బాల్, ఆడుతున్నాడని, ముప్పై దగ్గరపడింది కాబట్టి ఇక కోచింగ్ వైపు వెళ్లి ఏదో ఒక రోజు జాతీయ జట్టును నడపాలనుకుంటున్నాడని రాశారు. దానికి ఆడిన అనుభవం ఒక్కటే సరిపోతుందా అని మీ ప్రశ్న. నేను తొమ్మిదేళ్లు ఆడాను. చివరి రెండేళ్లు ఆడుతూనే జట్టుకు కోచ్‌గా కూడా ఉన్నాను. తర్వాత ఒక జాతీయ జట్టు శిబిరంలో అసిస్టెంట్‌గా పనిచేశాను. హెడ్ కోచ్ స్థాయికి వెళ్లలేదు, కానీ ఆ పనిని దగ్గర నుంచి చూశాను.

అనుభవం ఒక్కటే సరిపోదు. అయితే మామూలు ఫుట్‌బాల్‌తో పోలిస్తే ఇక్కడ ఆటగాడికి అవకాశం చాలా ఎక్కువ. ఈ ఆట నియమాలు ఒక కొలిక్కి వచ్చిందే 1992లో. ఫిఫా బీచ్ సాకర్ ప్రపంచకప్ 2005లో బ్రెజిల్‌లోని రియోలో, కోపకబానా తీరంలో మొదలైంది. ఇంత కొత్త ఆట కాబట్టి ఇసుక సంగతి తెలిసిన కోచ్ కావాలంటే ఇసుక మీద ఆడినవాళ్లలోనే వెతుక్కోవాలి. ఆ మొదటి కప్పు గెలిచిన ఫ్రాన్స్‌కు కోచ్ ఎరిక్ కాంటోనా. 1997లో ఇంగ్లాండ్ ఫుట్‌బాల్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ వదిలేసి ఇసుక మీదకు వచ్చాడు, ఆడుతూనే జట్టును నడిపాడు. 1990లలో బ్రెజిల్ తరఫున ఆడిన జూనియర్ నెగావ్ తర్వాత అదే జట్టుకు కోచ్ అయ్యాడు. సెనెగల్‌కు ఆడిన న్గల్లా సిల్లా కోచ్‌గా ఆ జట్టును 2021 మాస్కో ప్రపంచకప్‌లో సెమీఫైనల్ దాకా తీసుకెళ్లాడు, క్వార్టర్‌ఫైనల్లో బ్రెజిల్‌ను 5-4తో ఓడించి మరీ.

మీ తమ్ముడు అందరికంటే జాగ్రత్తగా గమనించాల్సింది మాత్రం స్విట్జర్లాండ్‌కు చెందిన ఏంజెలో షిరింజీ దారి. ఆయన కూడా ఆటగాడిగా ఉంటూనే కోచ్ అయినవాడే. ఆయన కోచ్‌గా ఉండగా 2009లో దుబాయ్ ప్రపంచకప్‌లో స్విట్జర్లాండ్ ఫైనల్‌కు వెళ్లింది, బ్రెజిల్ చేతిలో 10-5తో ఓడింది. 2013 ప్రపంచకప్ పసిఫిక్ సముద్రంలోని తాహితీలో జరిగినప్పుడు ఆయన ఆ ఆతిథ్య జట్టుకు కోచ్. అంత చిన్న ద్వీపం నాలుగో స్థానంలో నిలిచింది. ఓషియానియా, అంటే ఆ పసిఫిక్ దీవుల ప్రాంతపు జట్టు ఈ కప్పులో సెమీస్ చేరడం అదే మొదటిసారి. సొంత దేశంలో నేర్చుకున్నదాన్ని వేరే దేశపు కుర్రాళ్లకు నేర్పగలిగాడంటే, తన కాళ్లకు తెలిసిన విద్యను మాటల్లో పెట్టగలిగాడని అర్థం. ఆటగాళ్లలో చాలామందికి రానిది అదే. నాకూ రాలేదు, చాలా కాలం.

ఒక ఉదాహరణ చెప్తాను. ఇసుకలో బంతి దొర్లదు, గుంతల్లో ఆగిపోతుంది. అందుకే కాలివేళ్లను బంతి కిందకు పోనిచ్చి, పైకి లేపి, గాల్లోనే పాస్ ఇస్తాం. నేను దాన్ని ఆలోచించకుండా చేసేవాణ్ని. శిబిరంలో గడ్డి మైదానం నుంచి వచ్చిన ఒక కుర్రాడు పదేపదే బంతిని తన్నబోయి ఇసుకనే తన్నుతున్నాడు. 'ఇలా చెయ్' అని పదిసార్లు చేసి చూపించాను, లాభం లేదు. చివరికి అతని పక్కన కూర్చుని, నిలబడిన కాలు ఎక్కడుందో చూశాను. బంతికి జానెడు వెనక ఉంది, మడమ లోపలికి దిగిపోయి ఉంది. ఆ కాలిని బంతి పక్కకు తెచ్చి, బరువు మునివేళ్ల మీద వేయమన్నాను. మూడోసారికే బంతి లేచింది. అప్పటిదాకా నేను అతనికి నా పాదం చూపిస్తూ వచ్చాను, అతని పాదం వైపు ఒక్కసారీ చూడలేదు.

ఇక కోచ్ నేర్చుకోవాల్సిన రెండోది, ఆటగాళ్ల మార్పిడి. ఈ ఆటలో గోల్‌కీపర్‌తో కలిపి ఐదుగురే. 12 నిమిషాల చొప్పున మూడు భాగాలు. సబ్‌స్టిట్యూషన్లకు లెక్క లేదు, ఆట నడుస్తుండగానే లోపలికి బయటికి తిరగొచ్చు. ఆ మెత్తటి ఇసుకలో రెండు మూడు నిమిషాలు గట్టిగా పరిగెత్తితే ఊపిరి అందదు. ఎవరిని ఎప్పుడు పిలవాలన్నదే కోచ్ పనిలో సగం.

ఒక టోర్నమెంట్‌లో మూడో భాగంలో 4-3తో ముందున్నాం. కోచ్‌నీ నేనే, లోపల ఆడుతున్నదీ నేనే. ఇంకో నిమిషం, ఇంకో నిమిషం అనుకుంటూ బయటకు రాలేదు. ఒక బంతికి అడుగు ఆలస్యమై ప్రత్యర్థి కాలికి తగిలాను. ఫౌల్. ఇక్కడ ఫ్రీ కిక్‌కు అడ్డంగా గోడ కట్టడం కుదరదు, కొట్టేవాడు కాలితో ఇసుక కుప్ప చేసి బంతిని దానిమీద పెట్టుకుని నేరుగా కొడతాడు. గోల్. ఇంకాసేపటికి మరొకటి, 5-4తో పోయింది. మా గోల్‌కీపర్ మ్యాచ్ అయ్యాక నా పక్కకొచ్చి, 'నీ కాళ్లు రెండు నిమిషాల ముందే ఆగిపోయాయి. వెనక నుంచి నాకు కనిపిస్తోంది. నిన్ను పిలిచేవాడే బెంచి మీద లేడు' అన్నాడు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. తర్వాతి మ్యాచ్ నుంచి స్టాప్‌వాచ్ రిజర్వ్ గోల్‌కీపర్ చేతికిచ్చాను. అతను పిలిస్తే నేనైనా సరే బయటకు రావాల్సిందే. అయినా ఆ రెండు పనులూ ఒకేసారి ఎక్కువ కాలం చేయకూడదని నా గట్టి అభిప్రాయం. ఒక సీజన్ నేర్చుకోవడానికి మంచిది. రెండో సీజన్‌లో నేను ఆటగాడిగానూ తగ్గాను, కోచ్‌గానూ ఎదగలేదు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. చాలా దేశాల్లో ఈ జట్లు ఏడాది పొడుగునా ఉండవు, టోర్నమెంట్ ముందు కొన్ని వారాలు కలుస్తాయి. కాబట్టి మీ తమ్ముడికి వేరే సంపాదన ఉండాలి, ఆ ఉద్యోగంలో సెలవు దొరకాలి. కోచింగ్ లైసెన్స్ ఆడుతున్నప్పుడే మొదలుపెట్టమనండి. దేశపు ఫుట్‌బాల్ ఫెడరేషన్ కోచ్ పదవికి పేర్లు పరిశీలించేటప్పుడు ముందు చూసేది ఆ కాగితమే, ఎన్ని గోల్స్ కొట్టాడన్నది తర్వాత.

ఈ సీజన్‌లోనే ఒక పని చేయొచ్చు. ఏదైనా ఒక స్నేహపూర్వక మ్యాచ్‌లో ఆడకుండా బెంచి మీద ఉంటానని, మార్పిడి మొత్తం తనకే వదిలేయమని వాళ్ల కోచ్‌ను అడగమనండి. ఎవరు ఏ నిమిషంలో లోపలికి వెళ్లారో, ఎప్పుడు వాళ్ల పరుగు ఆగి నడక మొదలైందో కాగితం మీద రాసుకోవాలి. 36 నిమిషాలు అలా కూర్చోగలిగాడా, లేక మధ్యలోనే బూట్లు విప్పి ఆడటానికి ఇసుకలోకి దిగిపోయాడా అన్నది నాకు రాయండి, మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.