ముందు చూడు తల్లీ, తర్వాత నాటుదువు గాని

చిరంజీవి మేనకోడలికి,

టెక్కలి నుంచి మావయ్య ఆశీస్సులు. విజయనగరంలో మీ స్నేహితులంతా కలిసి ఆదివారాలు మొక్కల పని మొదలుపెడుతున్నారని తెలిసి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ఈ వానాకాలంలోనే మీ ఇంటి వెనక గుట్ట మీద వెయ్యి మొక్కలు నాటాలనుకుంటున్నామని, ఏ మొక్కలైతే బాగుంటాయో చెప్పమని రాశావు. నా మాట వింటే ఈ ఏడు ఒక్కటీ నాటొద్దు. కటువుగా అనిపిస్తుందేమో. కానీ ఉద్యోగమంతా పిల్లలకు జీవశాస్త్రం చెప్పి, రిటైరయ్యాక గట్ల మీదా కొండల మీదా మొక్కల వెంటే తిరుగుతున్నవాడిని కాబట్టి ఉన్నమాట చెబుతున్నాను.

ఆ గుట్ట ఖాళీగా లేదమ్మా. దూరం నుంచి రాళ్ళూ ముళ్ళపొదలూ కనిపిస్తాయి, అంతే. మొక్కలు నాటే రోజున పారలు పట్టుకుని వచ్చినవాళ్ళు ముందు చేసే పని ‘పిచ్చిమొక్కలు’ పీకెయ్యడం. అలా పీకేసేవి ఏమిటి? బలుసు, కలివి, పరిమి, ఊడుగ, తంగేడు, సుగంధిపాల, తిప్పతీగ. వీటిలో చాలావాటి పళ్ళు తిని బతికే పిట్టలు ఎన్నో ఉన్నాయి. ఈశ్వరి తీగ ఒకటుంటుంది, ఎర్రటి ఒళ్ళు ఉన్న రోజ్ సీతాకోకచిలుకలు దాని మీదే గుడ్లు పెడతాయి. ఆ తీగ పోతే వాటి గొంగళిపురుగుకు తిండి లేదు. ఇంత సంసారాన్ని గునపంతో పెళ్ళగించి, అక్కడ నర్సరీ నుంచి తెచ్చిన మొక్క పెట్టి, పక్కన నిలబడి ఫొటో దిగితే దాన్ని సంరక్షణ అని నేను అనలేను.

ఇంకో సంగతి. ఆ గుట్ట మీద మోకాలి ఎత్తున గుబురుగా మోదుగ, తుమికి కనిపిస్తాయి చూడు. అవి చిన్న మొక్కలనుకుంటారు. కాదు, ఏటా వంటచెరకు కోసం నరికేస్తే, మేకలు కొరికేస్తే, వేసవిలో నిప్పంటుకుంటే పైన పోయి కింద బతికి ఉన్న పాత చెట్లవి. వేళ్ళు ఎప్పుడో లోతుకు దిగిపోయాయి. నిప్పునూ మేతనూ నాలుగైదు వానాకాలాలు ఆపగలిగితే అవే పైకి లేస్తాయి. ఒక్కో మోడుకు బలమైన పిలకలు ఒకటో రెండో ఉంచి మిగతావి కోసేస్తే చాలు. నీళ్ళు పొయ్యక్కర్లేదు, గొయ్యి తియ్యక్కర్లేదు. వెయ్యి మొక్కలకు పెట్టే ఖర్చుతో వేసవిలో ఇద్దరు కాపలా మనుషుల్ని పెట్టుకోండి. మాఘం చివర నుంచే గుట్ట చుట్టూ వెడల్పుగా ఎండుగడ్డి గీకేస్తే నిప్పు లోపలికి పాకడం కష్టం. నా దృష్టిలో మీరు చెయ్యగల పనుల్లో ఇదే అన్నిటికంటే పెద్దది.

అంతకంటే ముందు ఆ స్థలం ఎవరిదో కనుక్కో. రెవెన్యూ పోరంబోకైతే పంచాయతీతో, తహశీల్దారు ఆఫీసుతో మాట్లాడాలి. రిజర్వు ఫారెస్టైతే రేంజి ఆఫీసరు అనుమతి లేకుండా విత్తనం ఏరడం కూడా తప్పే. దేవుడి మాన్యమైతే దేవాదాయ శాఖను అడగాలి. రామతీర్థం లాంటి చోట బోధికొండ, గురుభక్తులకొండల మీద పురాతన కట్టడాలున్నాయి, అక్కడ చూడటమే కానీ గునపం ముట్టకూడదు.

ఇక ఈ ఏడాది చెయ్యాల్సిన పని నడక. రెండు వారాలకొకసారి, పొద్దున్నే, ఒకే దారిలో. కొత్త కొత్త చోట్లకు తిరగాలని మీ వాళ్ళకు అనిపిస్తుంది, ఒప్పుకోవద్దు. ఒకే దారిలో ఏడాది నడిస్తేనే ఫాల్గుణంలో ఆకు రాల్చి మోదుగ పూసేదీ, ఎండలు ముదిరే వేళకు కానుగ లేతాకుతో మెరిసేదీ, వైశాఖంలో రేల పసుపు గుత్తులు దించేదీ, జ్యేష్ఠంలో నేరేళ్ళు రాలేదీ తెలుస్తుంది. తలా ఒక చెట్టు పంచుకోండి. ఆ చెట్టు చిగురు, మొగ్గ, పువ్వు, కాయ ఎప్పుడెప్పుడో నోట్‌బుక్‌లో రాసుకోవాలి. సీజన్‌వాచ్ అనే కార్యక్రమం దేశమంతా ఇలాగే చెట్లను గమనించేవాళ్ళ లెక్కలు కలుపుతోంది, మీవీ అందులో పెట్టవచ్చు. ఫోన్లో ఫొటో తీసేటప్పుడు పువ్వొక్కటే తీస్తే పనికిరాదు. ఆకు పైభాగం, కిందిభాగం, కొమ్మకు ఆకులు అమరిన తీరు, బెరడు, కాయ, ఇవన్నీ ఉంటేనే తెలిసినవాళ్ళెవరైనా పేరు చెప్పగలరు.

పేర్లు మాత్రం యాప్ కంటే ముందు మనుషుల్ని అడుగు. మేకలు కాసేవాళ్ళకు, అడ్డాకులు కుట్టే ఆడవాళ్ళకు, నాటువైద్యం చేసేవాళ్ళకు తెలిసినంత మన చదువుకున్నవాళ్ళకు తెలీదు. వీలైతే ఒకసారి సీతంపేట సంతకు అందరూ వెళ్ళండి. కొండచీపుర్లు, అడ్డాకులు, చింతపండు, కరక్కాయలు దింపుకునే సవర, జాతాపు గిరిజనుల దగ్గర కూర్చుని మాట్లాడండి. ఏదన్నా కొనుక్కుని మాట్లాడండి, వాళ్ళ పొద్దు ఊరికే తినెయ్యకూడదు కదా. వాళ్ళు చెప్పిన పేరు వాళ్ళు పలికినట్టే రాసుకోండి.

ఆ రాసుకున్నది ఊరికే పోదు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకీ, మున్సిపాలిటీకీ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఆ ఊరి మొక్కలు, జంతువులు, వాటి గురించి జనానికి తెలిసిన సంగతులు రాసిపెట్టే ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. మీ పంచాయతీలో ఉందా అని అడుగు. ఉంటే మీరు చూసినవి చేర్పించు, లేకపోతే మీ నోట్‌బుక్కులే మొదటి పేజీలవుతాయి. ఎప్పుడైనా రోడ్డు పేరు చెప్పి గట్టు మీద చెట్లు కొట్టడానికి వస్తే వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) కింద అనుమతి ఉందా అని అడిగే ధైర్యం కూడా ఆ కాగితాల వల్లే వస్తుంది.

ఏవి మన మొక్కలు, ఏవి కావు అని అడిగావు. తురాయి మడగాస్కర్ నుంచి వచ్చింది, జామాయిల్ ఆస్ట్రేలియాది. ఊళ్ళలో రోడ్ల మధ్య పెంచుతున్న కోనోకార్పస్ కూడా బయటిదే. ఇవి నాటమని ఎవరు ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. అయితే దీన్ని మతంలా పట్టుకోవద్దమ్మా. చింత కూడా ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చిందనే శాస్త్రం చెబుతుంది. కానీ మీ ఊరి పైడితల్లి సిరిమాను చింతమానే. మా దగ్గర తేలినీలాపురంలో శీతాకాలమంతా పెలికాన్లూ పెయింటెడ్ స్టార్క్ కొంగలూ గూళ్ళు కట్టి పిల్లల్ని పెంచేది ఊళ్ళో చింతచెట్ల మీదే. ఆ రెట్టలూ వాసనా భరిస్తూ ఊరివాళ్ళు వాటిని కాచుకొస్తున్నారు. సిరిమానుకు సరిపడేంత మాను ఎదగడానికి ఒక మనిషి జీవితకాలం పడుతుంది. కాబట్టి చింత నాటితే నేనేమీ అనను.

జీడిమామిడి బ్రెజిల్‌ది. అలాగని ఉద్దానం రైతు దగ్గరకెళ్ళి ఆ మాట చెప్పకు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కొబ్బరినీ జీడినీ ఎలా కూల్చేసిందో, ఆ ఇళ్ళలో ఏం పోయిందో మేం చూశాం. ఇసుక మేటల మీద సరుగుడు కూడా అంతే, పొలాలకు గాలి ఆపుతుంది, నాలుగు డబ్బులిస్తుంది. నేను పట్టుబట్టేది ఒక్కచోటే: అలలకు దగ్గరగా, తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసుకలోకి సరుగుడు తెచ్చి పెట్టకూడదు. అక్కడ ఉండాల్సింది బాలబంద తీగ, రావణాసురుడి మీసాలు. వెనక వరసలో మొగలి, పొన్న, తాడి. ఆ తీగలే ఇసుకను పట్టి ఉంచేవి.

మన జిల్లాల్లోనే ఒకచోటిది ఇంకోచోటికి పనికిరాదు. పాలకొండ, సీతంపేట వైపు కొండల్లో పెరిగే గుగ్గిలం ఎంత గొప్ప చెట్టయినా మీ ఎండ గుట్ట మీదకు తేవద్దు. మీ గుట్టకు ఏం కావాలో మీ గుట్ట చుట్టుపక్కల ఉన్న చెట్లే చెబుతాయి.

అందుకే విత్తనాల పని ఈ ఏడాదే మొదలుపెట్టండి, నాటేది వచ్చే ఏడు. విత్తనం దగ్గర తొందరా ఓపికా రెండూ కావాలి. నేరేడు గుజ్జు కడిగేసి నాలుగైదు రోజుల్లో మట్టిలో వెయ్యాలి, ఎండబెడితే చచ్చిపోతుంది. వేపదీ అంతే, గుజ్జు తీసి నీడన ఆరబెట్టి రెండు వారాల్లోపు వేసెయ్యాలి. ఇప్పగింజ కూడా నిల్వ ఉండదు. రేల వేరే రకం, పెంకు గట్టిది. గింజను గరుకు రాయి మీద ఒక పక్క రంగు మారేదాకా రుద్ది, రాత్రంతా నానబెట్టాలి. ఉసిరి టెంకలను ఎండలో పెడితే అవే పగిలి లోపలి గింజలు బయటపడతాయి. మర్రికి విత్తనంతో పనిలేదు, వానల్లో చేతిమందం కొమ్మ పాతితే వేరు పోస్తుంది. ఒకే చెట్టు కింద బస్తాడు ఏరొద్దు. దూరదూరంగా ఉన్న ఐదారు చెట్ల నుంచి తలా కొంచెం తీసుకుంటే మీ మొక్కలు అన్నీ ఒక తల్లి బిడ్డలు కాకుండా ఉంటాయి, ఒక జబ్బుకు అన్నీ పోవు. ఇప్పపువ్వు, ఇప్పగింజ ఏరుకుని బతికేవాళ్ళున్నచోట వాళ్ళ వాటా ముట్టొద్దు.

తాటిటెంకను మాత్రం కవరులో పెంచకూడదు. దాని మొలక ముందు భూమిలోకి దిగుతుంది, తర్వాతే ఆకు పైకొస్తుంది, కదిపితే పోతుంది. భాద్రపదంలో పళ్ళు రాలినప్పుడు ఏరి, చెరువు గట్టు మీద జానెడు లోతున అక్కడికక్కడే పాతెయ్యండి. తేగల కోసం ఎవరైనా తవ్వుకుపోతారు, ఆ సంగతి ఊరివాళ్ళతో ముందే చెప్పుకోవాలి. సీడ్ బాల్స్ అని విత్తనం పెట్టిన మట్టి ఉండలు విసరడం మీద నాకు నమ్మకం లేదు. చీమలు తినగా, ఎండకు ఎండగా మిగిలేవి బహు కొద్ది.

మొక్కలు తయారయ్యాక తొలకరి పడగానే నాటి శ్రావణంలోపు ముగించండి. అక్టోబరు తుపాను వానలకల్లా వేళ్ళు పట్టుకుని ఉండాలి. కవరులో వేళ్ళు చుట్టుకుపోయి ఉంటే విడదీసి పెట్టాలి. చుట్టూ సర్కారుతుమ్మ కంప వేస్తే మేక రాదు, ఆ చెట్టును నరకడానికీ అదొక సాకు. కానీ కంప కంటే గట్టి కంచె మేకల కాపరితో స్నేహం. అతనికి ముందే చెప్పి, మేతకు వేరే పక్క వదిలి, అతన్నీ మీతో లెక్కించుకోండి. మొదటి రెండు వేసవులు వారానికొకసారైనా నీళ్ళు పొయ్యాలి. మనుషులు ఎంతమంది వస్తారో లెక్క చూసి అన్నే మొక్కలు నాటండి. యాభై నాటి నలభై బతికించుకుంటే నాకు చాలు.

కలుపు పని అందరికీ ఇవ్వొద్దు. వయ్యారిభామ పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, గ్లౌజులూ మాస్కూ వేసుకుని వేళ్ళతో సహా పీకాలి. ఉబ్బసం, చర్మం దురద ఉన్నవాళ్ళు దాని దగ్గరకే వెళ్ళకూడదు. తలంబ్రాల (లాంటానా) పొదను ఒక్కసారిగా మొత్తం తీసెయ్యకండి, అందులో పిట్టల గూళ్ళుంటాయి. ముక్కముక్కగా తీసి, ఆ జాగాలో మన పొదలు నిలదొక్కుకున్నాక తర్వాతి ముక్క తియ్యండి. చెరువులో గుర్రపుడెక్క పని ఈత వచ్చినవాళ్ళది మాత్రమే, పిల్లల్ని దింపొద్దు. వానల తర్వాత ఎక్కడికెళ్ళినా బూట్లు, చేతిలో కర్ర ఉండాలి. పాము కరిస్తే తాళ్ళు కట్టడం, కొయ్యడం వద్దు, 108కి ఫోన్ చేసి కదలకుండా ఆసుపత్రికి.

పిల్లలు ఎలా వస్తారని టెన్షన్ పడకు. వినాయకచవితికి ముందు ఆదివారం పత్రి నడక పెట్టు. ఉత్తరేణి, వావిలి, జిల్లేడు, వాకుడు, మద్ది, జమ్మి, రేగు, గరిక, అన్నీ మీ గుట్ట చుట్టుపక్కల దొరుకుతాయి. బజారులో పత్రి పేరుతో ఏ ఆకు పడితే ఆ ఆకు అమ్ముతున్నారు, పిల్లలు సొంతంగా గుర్తుపడితే ఆ ఆనందమే వేరు. ఎక్కువగా ఉన్నవాటి నుంచే రెండేసి ఆకులు కోయించు. ఉమ్మెత్త విషమని చెప్పి నువ్వే కొయ్యి. కార్తీకంలో వనభోజనం ఎలాగూ ఉంటుంది, ఉసిరిచెట్టు కింద అడ్డాకు విస్తళ్ళలో పెట్టుకోండి, ప్లాస్టిక్ తేవొద్దు. ఆ పూటే ఒక పెద్దాయన్నో పెద్దావిడనో పిలిచి, వాళ్ళ చిన్నప్పుడు ఆ గుట్ట మీద ఏమేం ఉండేవో చెప్పించు.

సంఘం రిజిస్ట్రేషన్, బ్యానర్లు, టీషర్టులు ఇప్పుడే వద్దు. వాట్సాప్ గ్రూపు ఒకటి, డబ్బు లెక్క రాసే పుస్తకం ఒకటి చాలు. ఎవరిచ్చిన పది రూపాయలైనా గ్రూపులో రాయండి.

జూన్ రెండో వారంలో మా వీధి నేరేళ్ళు రాలతాయి. నీతో పాటు ఇద్దరు ముగ్గుర్ని తీసుకుని నౌపడలో రైలు దిగు, నేను ఆటో మాట్లాడి ఉంచుతాను. విత్తనం కడగడం, కవర్లలో వెయ్యడం మీ చేతే చేయిస్తాను. పాత పాల కవర్లు ఇప్పటినుంచే దాచి, అడుగున కన్నాలు పెట్టి తీసుకురండి. మట్టీ పేడ ఎరువూ ఇక్కడ ఉన్నాయి. ఎంతమంది వస్తున్నారో ముందుగా చెబితే మీ అత్తయ్య వంటకు వీలుగా ఉంటుంది.

ఇట్లు
మీ మావయ్య