చూడ్డానికి టికెట్ లేదు, పడుకోడానికి ఉంది

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. నేను హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నాను. మా ఆవిడ హెచ్-4 ఈఏడీ, అంటే నా వీసా మీద వచ్చే పని అనుమతి మీద గంటల లెక్కన కాంట్రాక్టు పని చేస్తుంది, రోజుకి 240 వస్తుంది. ఇద్దరు పిల్లలు. మాది రాజమండ్రి. నాన్నగారి కాలం నుంచీ కడవరి దిన పరిశుద్ధుల యేసు క్రీస్తు సంఘంలో సభ్యులం, అందరూ మోర్మన్లంటారు. మేలో అమ్మానాన్న విజిటర్ వీసా మీద వస్తున్నారు. జులైలో వాళ్లకి మా సంఘం చరిత్రలోని ఊళ్లు ఇండిపెండెన్స్, నావూ, కర్ట్‌లాండ్, పల్మైరా అన్నీ వ్యాన్‌లో తిప్పి చూపించాలని ఉంది. చూసేవన్నీ ఉచితమే కాబట్టి 3,000 డాలర్లలో అయిపోతుందనుకుంటున్నా. సేవింగ్స్‌లో 11,000 ఉంది, దాన్ని కదపడం ఇష్టం లేదు. క్రెడిట్ కార్డు మీద 24 శాతం వడ్డీతో 4,800 బాకీ ఉంది, నెలకి 250 కడుతున్నాం. అన్నీ పోను నెలకి 900 మిగులుతుంది. యాత్రకి నా 401(కె) రిటైర్మెంట్ ఖాతా నుంచి లోన్ తీసుకోనా? సంపాదనలో పదో వంతుగా సంఘానికి నెలకి 1,200 ఇచ్చే దశమభాగం ఆరు నెలలు ఆపి సర్దుకోనా? ఈ ఖర్చు టాక్స్‌లో చారిటీ కింద చూపించొచ్చా? నాన్నేమో రాజమండ్రిలో ఎఫ్‌డీ తీసేస్తానంటున్నారు.

జవాబు: ముందు దశమభాగం సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మిగతా లెక్కంతా దాని మీదే నిలబడుతుంది. నేను మీ సంఘం మనిషిని కాను. ఇవ్వమని గానీ మానమని గానీ చెప్పే హక్కు నాకు లేదు. కానీ ఒక్క విషయం మీకు నాకంటే బాగా తెలుసు. నావూలో ఆలయం లోపలికి వెళ్లాలంటే టెంపుల్ రికమెండ్ అనే సంఘం అనుమతి పత్రం ఉండాలి. ఆ ఇంటర్వ్యూలో దశమభాగం పూర్తిగా ఇస్తున్నారా అని అడుగుతారు. నెలకి 1,200 ఆపి, ఆ డబ్బుతో అక్కడిదాకా వెళ్లి, అమ్మానాన్న లోపలికి వెళ్తుంటే మీరు మెట్ల దగ్గర ఆగిపోతారా? నా కాగితంలో దాన్ని అద్దె పక్కన రాసేశాను, ఇక దాని జోలికి వెళ్లను. మీ అమ్మానాన్నల రికమెండ్ గడువు చూసుకుని, రాజమండ్రిలోనే రెన్యూ చేయించుకుని రమ్మనండి.

ఇక 3,000 లెక్క. చూసేవి ఉచితమన్న మాట నిజమే. కర్ట్‌లాండ్ ఆలయానికి టికెట్ ఉండేదని పాత సమాచారం ఎక్కడైనా కనిపిస్తే పట్టించుకోకండి. 2024 మార్చిలో కమ్యూనిటీ ఆఫ్ క్రైస్ట్ అనే మరో సంఘం దగ్గర్నుంచి దాన్నీ, నావూలోని మరికొన్ని చారిత్రక కట్టడాలనీ మీ సంఘం 19.25 కోట్ల డాలర్లకి కొన్నది. అప్పట్నుంచి అక్కడా ప్రవేశం ఉచితం.

మీరు తప్పినచోటు వేరే ఉంది. మైళ్లు పెరిగితే గ్యాస్ (పెట్రోలు) పెరుగుతుందని అందరూ గ్యాస్ లెక్కే వేస్తారు. డాలస్ నుంచి పల్మైరా దాకా వెళ్లి రావడం 3,200 మైళ్ల దాకా ఉంటుంది. నావూ దాకా వెళ్లి రావడం 1,700. గ్యాలన్‌కి 22 మైళ్లిచ్చే మినీవ్యాన్, గ్యాలన్ 3.25 అనుకుంటే పెద్ద చుట్టుకి 475, చిన్న చుట్టుకి 250. తేడా పట్టుమని 250 కూడా లేదు. అసలు ఖర్చంతా రాత్రుళ్లలో ఉంది. ఆరుగురికి రెండు గదులు, పన్నులతో కలిపి గది 130 వేసుకోండి. పెద్ద చుట్టులో 12 రాత్రులు, అంటే 3,120. మీ కారులో ఆరుగురు పట్టరు కాబట్టి మినీవ్యాన్ అద్దె రోజుకి 90 చొప్పున 13 రోజులకి 1,170. వండుకున్నది వండుకోగా తిండి రోజుకి 100, మొత్తం 1,300. టోల్, పార్కింగ్, మందులు, చిల్లర 300. గ్యాస్‌తో కలిపి 6,365 తేలింది.

అయిపోయిందా? లేదు. మీ ఆవిడకి పెయిడ్ లీవ్ లేదు. రోజుకి 240 వస్తుందని రాశారు. పదమూడు రోజుల్లో తొమ్మిది పనిదినాలు పోతే 2,160 చేతికి రాదు. ఎవరి బిల్లులోనూ కనపడదు గానీ పోయేది మాత్రం మీ ఇంటి డబ్బే. మొత్తం 8,500. అంటే మీరనుకున్నదానికి దాదాపు మూడింతలు.

అప్పు చేసి వెళ్దామంటే ఆ దారి పొడవునా అప్పు కథలే ఉన్నాయి. పల్మైరాలో మీ పవిత్ర గ్రంథం, మోర్మన్ గ్రంథం మొదటి 5,000 ప్రతుల అచ్చు కోసం 1829లో మార్టిన్ హారిస్ తన పొలాన్ని 3,000 డాలర్లకి తాకట్టు పెట్టాడు. తర్వాత పొలం అమ్ముకోవాల్సొచ్చింది. అచ్చువేసినవాడికి పడ్డ బాకీ తీర్చి బంధకం నుంచి బయటపడమని అతనికి చెప్పిన మాట మీ 'సిద్ధాంతము మరియు నిబంధనలు' అనే గ్రంథంలో 19వ ప్రకరణంలో ఉంది, మీకు నోటికొచ్చే ఉంటుంది. కర్ట్‌లాండ్‌లో సంఘం పెద్దలు 1837 జనవరిలో తెరిచిన కర్ట్‌లాండ్ సేఫ్టీ సొసైటీ అనే బ్యాంకు ఆ ఏడాది తిరక్కముందే మూతపడింది. అదే ఏడు దేశమంతటా బ్యాంకులు కూలాయి. పొదుపు పెట్టినవాళ్లలో కొందరు దాంతోపాటు సంఘాన్నీ వదిలి వెళ్లారు.

401(కె) లోన్ వద్దనడానికి నా కారణం చరిత్ర కాదు, మీ వీసా. ఉద్యోగం పోతే మిగిలిన లోన్‌ని ఆ ఏడాది టాక్స్ రిటర్న్ గడువులోగా, ఎక్స్‌టెన్షన్ తీసుకుంటే ఆ గడువులోగా కట్టాలి. కట్టకపోతే విత్‌డ్రాయల్ కింద లెక్కేసి టాక్స్ వేస్తారు, మీ వయసుకి పైన ఇంకో 10 శాతం పెనాల్టీ. అదే సమయంలో హెచ్-1బీ మీద కొత్త ఉద్యోగం వెతుక్కోడానికి మీకుండేది గరిష్ఠంగా 60 రోజులు. రెండు గండాలూ ఒకేసారి మీద పడతాయి. నాన్నగారి ఎఫ్‌డీ ముచ్చటైతే వద్దే వద్దు. గడువుకి ముందు తీస్తే వడ్డీ కోస్తారు, పైగా అది ఆయన మందుల డబ్బు. ఆయన మొహమాటపెడితే రాజమండ్రి నుంచి పచ్చళ్లు తెమ్మనండి, ట్రిప్ ఖర్చు తగ్గేది వాటితోనే.

టాక్స్ ప్రశ్నకి జవాబు చిన్నది: కుదరదు. పుణ్యక్షేత్రమైనా సొంత ప్రయాణం సొంత ఖర్చే. మీరు అద్దె ఇంట్లో ఉన్నారు, టెక్సాస్‌లో రాష్ట్ర ఇన్‌కం టాక్స్ లేదు. కాబట్టి ఏడాదికి 14,400 దశమభాగం ఇచ్చినా 2026కి దంపతులందరికీ లెక్కలు చూపకుండానే వచ్చే స్టాండర్డ్ డిడక్షన్ 32,200 దాటరు, ఐటమైజ్ చేసి, అంటే ఖర్చులు విడివిడిగా చూపించి లాభం లేదు. అయితే 2026 నుంచి ఐటమైజ్ చేయని దంపతులకి కూడా నగదు విరాళాల మీద 2,000 దాకా మినహాయింపు ఉంది. సంఘం ఇచ్చే ఏడాది చివరి స్టేట్‌మెంట్ పారేయకండి, కొన్ని వందలు మిగులుతాయి.

మరి ఏం చేయాలి? సేవింగ్స్ కదపనన్నారు. నేను మాత్రం ఈ వారమే కదపమంటాను. 11,000లోంచి 4,800 తీసి కార్డు మూసేయండి. 24 శాతం మీద నెలకి 96 వడ్డీ కడుతూ, నాలుగు శాతం కూడా రాని ఖాతాలో డబ్బుంచుకోవడం భద్రత కాదు. మిగిలిన 6,200 నెల ఖర్చుకి కూడా బొటాబొటీ, అది నాకూ నచ్చలేదు. కానీ కార్డుకి కడుతున్న 250 ఇకనుంచి మీ చేతిలో ఉంటుంది. ఇప్పటి మిగులు 900తో కలిపి నెలకి 1,150. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఐదు నెలలు అందులో 660 ట్రిప్ ఖాతాలోకి, 490 అత్యవసర నిధిలోకి వేయండి. జులై వచ్చేసరికి ట్రిప్‌కి 3,300, నిధిలో 8,650.

ఆ 3,300కి సరిపోయేది చిన్న చుట్టు. బుధవారం బయల్దేరి మంగళవారం తిరిగి రండి: ఆరు రాత్రులు, ఏడు రోజులు. గదులు 1,560, వ్యాన్ 630, గ్యాస్ 250, తిండి 700, చిల్లర 160. మీ ఆవిడకి పోయే ఐదు రోజుల జీతం 1,200 ఆ నెల మిగులు మింగేసి ఇంకో 50 అడుగుతుంది, అంతకుమించి ఎక్కడా చెయ్యి చాపక్కర్లేదు. మొదటి రాత్రి కన్సాస్ సిటీ. గురువారం ఇండిపెండెన్స్, లిబర్టీ జైలు, పొలాల మధ్య ఆలయం మూలరాళ్లు మాత్రమే మిగిలిన ఫార్ వెస్ట్. అక్కణ్ణుంచి మిస్సిసిపీ ఒడ్డుకి. నావూలోనే గది కావాలని పట్టుబట్టకండి. జులైలో పేజెంట్లు (సంఘం చరిత్ర మీద పెద్ద నాటకాలు) జరుగుతాయి, ఊరు నిండిపోతుంది. నదికి అవతల అయోవా వైపు కియోకక్‌లో చూడండి. లేదా గంట దూరంలో క్విన్సీలో దిగండి. 1838-39 చలికాలంలో మిస్సోరీ నుంచి తరిమేస్తే వచ్చిన మీ సంఘంవాళ్లకి తలదాచుకోనిచ్చిన ఊరది. నాన్నగారికి ఆ పేరు ముందే తెలిసి ఉంటుంది.

ఆలయం పని శనివారంలోపే పెట్టుకోండి, ఆది సోమవారాలు మూసి ఉంటుంది. ఏటా కొన్ని వారాలు మరమ్మతులకి కూడా మూస్తారు, గదులు బుక్ చేసేముందు ఆ తేదీలు చూడండి. జులై 4 వారాంతం వద్దు, గదుల ధరలు మండిపోతాయి. ఆదివారం మీరు కొనుగోళ్లు చేయరు కాబట్టి శనివారం సాయంత్రమే ట్యాంక్ నింపి, పెరుగు, కూరగాయలు తెచ్చుకోండి. చిన్న రైస్ కుక్కర్ వెంట ఉంటే ఆదివారం పప్పన్నం, ఆవకాయ హోటల్ గదిలోనే. మీ సంఘంలో టీ కాఫీలు తాగరు కాబట్టి ఆ ఖర్చు మీ ఇంట్లో ఎలాగూ లేదు, ఆరుగురికి అదే రోజుకి పాతిక డాలర్లు మిగులు. పిల్లల సావనీర్లకి నేను పైసా రాయలేదు. నావూ కమ్మరి కొట్టంలో గుర్రపు నాడా మేకుతో ఉంగరం చేసిస్తారు, ఇటుకల బట్టీ దగ్గర బుల్లి ఇటుక ఇస్తారు, రెండూ ఉచితమే.

అమ్మానాన్నల హెల్త్ ఇన్సూరెన్స్ ట్రిప్‌లో కలపలేదు. అది వాళ్లు విమానమెక్కే రోజు నుంచే ఉండాలి. ఒక్కో చికిత్సకి ఇంతేనని పరిమితి పెట్టే ఫిక్స్‌డ్ బెనిఫిట్ చవక ప్లాన్ కాకుండా కాంప్రహెన్సివ్ తీసుకోండి. ముందే ఉన్న జబ్బు హఠాత్తుగా ముదిరితే ఎంత ఇస్తారో ఆ లైన్ మాత్రం మీరే చదవండి, ఏజెంట్ మాట మీద వదిలేయకండి.

ఇక పల్మైరా. "నాన్నకి అన్నీ చూపించాలి" అని రాశారు. "అన్నీ" అన్నది నాన్నగారా, మీరా? వ్యాన్‌లో పదమూడు రోజులు కూర్చోవడం ఆ వయసులో తేలిక కాదు. ఒక్క చోటే చూడగలిగితే ఎక్కడికని ఈ వారం ఫోన్‌లో అడగండి. నావూ, దాని దగ్గర్లో జోసెఫ్ స్మిత్‌ని చంపిన కార్తేజ్ అంటే పై లెక్క ఉన్నదున్నట్టు చేసేయండి. కాదు, మీ సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్ ప్రార్థించిన పల్మైరా తోపులో నిలబడాలంటే చిన్న చుట్టు మొత్తం రద్దు చేసి, మీరూ అమ్మానాన్నా ముగ్గురే న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌కి విమానంలో వెళ్లి మూడు రాత్రులుండి రండి. పల్మైరా అక్కణ్ణుంచి అరగంట పైచిలుకు. మీ ఆవిడ జీతం పోదు, టికెట్లు ముందుగా కొంటే 3,300 దాటే అవసరం రాదు. సాల్ట్ లేక్ ఆలయాన్ని ఈసారి ఎవరూ అడగొద్దు. మరమ్మతుల తర్వాత దాన్ని అందరికీ లోపల చూపించే ఓపెన్ హౌస్ 2027 ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా. దానికి ఈ ట్రిప్ ఖాతానే ఆగస్టులో మళ్లీ మొదలుపెట్టండి, నెలకి 200 చాలు.

నాన్నగారి జవాబు రాగానే గదులు బుక్ చేయండి, కానీ ముందే డబ్బు కట్టే చవక రేటు కాకుండా రద్దు చేసుకునే వీలున్న రేటుకే. వీసా స్టాంపింగ్ పూర్తయ్యి పాస్‌పోర్టులు చేతికొచ్చేదాకా వ్యాన్‌కి కూడా ఇదే పద్ధతి.