ఫీడ్ కట్టేటప్పుడు ఐడీ, తేదీ ముందు చూసుకో

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

మీ వార్తల సైటుకి ఫీడ్ (తాజా వార్తల జాబితాని రీడర్ యాప్‌లకి అందించే ఫైలు) కట్టే పని నీకు అప్పజెప్పారని మీ నాన్న చెప్పాడు. రాసేది పైథాన్‌లోనే కాబట్టి, ఫీడ్ తయారుచేసిపెట్టే ఫీడ్‌జెన్ లైబ్రరీ తీసుకో. స్ట్రింగులు అతికించి ఎక్స్‌ఎంఎల్ (ఫీడ్ ఫైలు రాసే ట్యాగుల భాష) చేత్తో రాయకు. ఏ శీర్షికలోనో ఒక్క ‘&’ గుర్తు పడితే చాలు, ఫీడ్ మొత్తం చెడిపోతుంది. అలాంటివి లైబ్రరీయే చూసుకుంటుంది.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఐడీ. వార్త పాతదో కొత్తదో ఫీడ్ రీడర్ దాన్నిబట్టే పోల్చుకుంటుంది. శీర్షిక నుంచి ఐడీ తయారుచేశావంటే, ఎడిటర్ ఒక అక్షరదోషం దిద్దగానే అదే వార్త అందరికీ రెండోసారి కొత్తగా వచ్చిపడుతుంది. శీర్షికతో కట్టిన యూఆర్‌ఎల్‌ వాడినా అదే గతి. డేటాబేస్‌లో ఆ వార్తకున్న నంబరుతో ఐడీ కట్టు, ఇక దాన్ని ఎన్నడూ మార్చకు.

తర్వాత తేదీ. టైమ్‌జోన్ లేని తేదీ ఇస్తే ఫీడ్‌జెన్ ఒప్పుకోదు, వాల్యూఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఆ ఎర్రర్ వదిలించుకోవడానికి యూటీసీ (మన టైముకి ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం) అని తగిలించెయ్యకు. డేటాబేస్‌లో ఉన్నది మన టైమైతే, పొద్దున 10 గంటల వార్త మధ్యాహ్నం 3:30కి వచ్చినట్టు కనిపిస్తుంది. పైథాన్‌తోనే వచ్చే జోన్‌ఇన్ఫో మాడ్యూల్‌తో ఏషియా/కోల్‌కతా పెట్టు. పాత కోడ్‌లో పైటీజెడ్ అనే టైమ్‌జోన్ లైబ్రరీ ఉంటే జాగ్రత్త: దాని జోన్‌ని నేరుగా తేదీకి తగిలిస్తే 5:30 బదులు 5:53 వస్తుంది, ఎందుకంటే అది రైల్వే టైము రాకముందరి స్థానిక కాలాన్ని పట్టుకుంటుంది. అప్‌డేటెడ్ తేదీ (వార్త చివరిసారి మారిన తేదీ) కూడా నువ్వే ఇవ్వు. వదిలేస్తే ఆటమ్ అనే ఫీడ్ ఫార్మాట్‌లో స్క్రిప్టు నడిచిన సమయమే పడుతుంది, అప్పుడు నడిచినప్పుడల్లా వార్తలన్నీ మారినట్టే.

ఫీడ్‌లో వార్త చేర్చే యాడ్ ఎంట్రీ ఫంక్షన్ ప్రతిసారీ కొత్తగా చేర్చినదాన్ని పైన పెడుతుంది. అందుకని పాత వార్త నుంచి కొత్తదానికి వరసగా చేర్చు. తాజావి ఇరవై ముప్పై చాలు. వర్డ్ నుంచి కాపీ చేసిన వార్తల్లో కంటికి కనపడని కంట్రోల్ క్యారెక్టర్లు ఉండొచ్చు, ముందే ఏరెయ్, లేకపోతే ఆ ఒక్క వార్త వల్ల ఫైలే తయారవదు. భాష దగ్గర తెలుగు కోడ్ ‘te’ పెట్టడం మరిచిపోకు.

నేరుగా అసలు ఫైలు మీద రాయొద్దు. పక్కన తాత్కాలిక ఫైలు రాసి, పూర్తయ్యాక పేరు మార్చు. లేకపోతే సగం రాసిన ఫైలు ఎవరో ఒకరికి వెళ్తుంది.

క్రాన్‌లో (స్క్రిప్టుని వేళకి దానంతటదే నడిపే ఏర్పాటు) పెట్టేముందు వార్తలేవీ మార్చకుండా స్క్రిప్టు రెండుసార్లు నడిపి, రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టి చూడు. ఫీడ్ తయారైన సమయం ఒక్కటే మారాలి. ఇంకేదైనా మారిందంటే ఐడీ దగ్గరో తేదీ దగ్గరో పొరపాటుంది, అది నాకు పంపు, చూస్తాను.

పెదనాన్న